మురుగుకాలువ ఎం-బుక్ కోసం మూడు నెలలు

మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్పను. నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. పదేళ్లుగా జనం తెచ్చే సమాచార హక్కు దరఖాస్తులు టైపు చేసి ఇస్తున్నాను. "సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) ప్రకారం" అనే మొదటి వాక్యం నా కంప్యూటర్‌లో ఎప్పుడూ సేవ్ చేసి ఉంటుంది. పేరూ అడ్రసూ మారిస్తే చాలు. కాబట్టి ఈ చట్టం నాకు బాగానే తెలుసనుకున్నాను. తెలిసింది మార్జిన్లూ ఫాంటు సైజూ మాత్రమేనని సొంత దరఖాస్తు వేసుకున్నాక అర్థమైంది.

2021లో మా వీధికి సిమెంటు కాలువ కట్టారు. నీళ్లు మెయిన్ రోడ్డు మీద కల్వర్టు వైపు పోవాలి. మొదటి గట్టి వానకే అవి కల్వర్టు దాకా వెళ్లకుండా వెనక్కి తిరిగి మా గుమ్మం ముందు నిలబడ్డాయి. పాత మట్టి కాలువే నయం, కనీసం దానికి పల్లం ఎటో తెలుసు. సోమవారం గ్రీవెన్స్‌లో రెండు అర్జీలు పెట్టాను. రెండుసార్లూ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కరించామని. మెసేజ్ వచ్చిన రోజు కూడా వాకిట్లో చీలమండ లోతు మురుగు.

2023 మార్చిలో కోపం వచ్చి దరఖాస్తు కొట్టాను. కాలువ వాలు ఎందుకు తప్పింది? దీనికి బాధ్యులెవరు? వారిపై ఏం చర్య తీసుకున్నారు? ఎప్పటిలోగా బాగు చేస్తారు? నాలుగు ప్రశ్నలు, నాలుగూ నాకు న్యాయంగానే అనిపించాయి. ఇరవై తొమ్మిదో రోజున ఒక్క వాక్యం జవాబొచ్చింది: మీరు అడిగినవి సెక్షన్ 2(ఎఫ్)లో చెప్పిన 'సమాచారం' కిందకు రావు.

ఆ కాగితం పట్టుకుని ఎదురింటి బాబాయ్ దగ్గరకెళ్లాను. ఆయన వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. నా దరఖాస్తు చదివి నవ్వారు. "అమ్మడూ, ఇది దరఖాస్తు కాదు, పోట్లాట. ఎందుకు అని అడిగితే వాళ్ల దగ్గర కాగితం ఉండదు. కాగితం ఉన్నదే అడగాలి."

తర్వాత నేను చదువుకున్న మేరకు ఆయన మాటే చట్టం కూడా. ఆఫీసు ఇవ్వాల్సింది తన దగ్గర ఇప్పటికే ఉన్నది, లేదా తన అధీనంలో ఉన్నది. ఫైలు, నోట్, ఉత్తరం, లాగ్ బుక్, కాంట్రాక్టు, రిపోర్టు, నమూనా, కంప్యూటర్‌లో ఉన్న డేటా. లేని దాన్ని మనకోసం కొత్తగా తయారు చేయక్కర్లేదు, అభిప్రాయం చెప్పక్కర్లేదు. 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. అదే తీర్పులో విద్యార్థి తన జవాబు పత్రాన్ని చూసుకోవచ్చని కూడా చెప్పింది, ఎందుకంటే అది ఉన్న కాగితం. ఈ సంగతి తెలియక నా షాపులో ఎన్ని 'ఎందుకు'లు టైపు చేసి డబ్బులు తీసుకున్నానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరి ఏం కాగితాలు ఉంటాయి? బాబాయ్ వేళ్ల మీద లెక్కపెట్టారు. పని మంజూరైన ఎస్టిమేట్, దానితో పాటు కాలువ వాలు గీసిన ఎల్.ఎస్. షీటు. కాంట్రాక్టర్‌తో రాసుకున్న అగ్రిమెంటు, షరతులతో సహా. ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం, అందులో ఈ పనికి సంబంధించిన పేజీలు. ఫైనల్ బిల్లు. పని పూర్తయినట్టు ఇచ్చిన సర్టిఫికెట్. క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు. "చివర్లో ఇంకో ముక్క రాయి," అన్నారు, "ఫైలు స్వయంగా చూస్తాను అని. కాపీలిస్తామంటే వాళ్లు ఏరి ఇస్తారు. కూర్చుని చూస్తే మొత్తం కనబడుతుంది." చట్టంలో సెక్షన్ 2(జె) ఈ హక్కు ఇచ్చింది. రికార్డులు చూడొచ్చు, నోట్సు రాసుకోవచ్చు, పనిని కూడా తనిఖీ చేయొచ్చు. వాడిన మెటీరియల్ నమూనా సర్టిఫై చేయించి తీసుకోవచ్చు కూడా. సిమెంటు ముక్క కావాలని అడగొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

ఏప్రిల్ 24న కొత్త దరఖాస్తు పట్టుకుని వెళ్లాను. ఫీజు గ్రామస్థాయి ఆఫీసుల్లో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. తెల్ల కార్డువాళ్లకు అసలు లేదు. మున్సిపాలిటీ కాబట్టి పది రూపాయల నోటు ఇచ్చాను. ఇన్‌వార్డ్ సెక్షన్ గుమాస్తా ఆ నోటును తేలును చూసినట్టు చూశాడు. "రశీదు పుస్తకం అయిపోయింది మేడమ్, డీడీ తీయండి." పది రూపాయల డీడీకి బ్యాంకు కమీషన్ ఎంతో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నగదు ఇచ్చి రశీదు తీసుకోవచ్చని మన రాష్ట్ర రూల్సులోనే ఉందని చెప్పి కుర్చీలో కూర్చున్నాను. ఇరవై నిమిషాల తర్వాత బీరువాలోంచి రశీదు పుస్తకం బయటపడింది. దరఖాస్తు జిరాక్స్ మీద స్టాంపు, తేదీ, నంబరు వేయించుకున్నాకే లేచాను. ఆ తేదీ ఒక్కటే తర్వాత నాకు అండగా నిలిచింది. రోజుల లెక్కంతా దాని మీదే.

ఎందుకు కావాలని కూడా ఆయన అడిగాడు. కారణం చెప్పక్కర్లేదని సెక్షన్ 6(2)లో ఉంది, కానీ నేను చెప్పాను. మా ఇంటి ముందు మురుగు నిలబడుతోంది బాబూ అని. పాపం, మా ఇంటి ముందు కూడా అంతే మేడమ్ అన్నాడు.

ఇక ఎదురుచూపులు. మామూలుగా 30 రోజులు గడువు. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలు. దోమల వల్ల డెంగీ వస్తుంది, డెంగీ వస్తే ప్రాణం పోతుంది, కాబట్టి 48 గంటలు రాయమని షాపుకొచ్చిన ఒకాయన సలహా ఇచ్చాడు. అలా రాసి నవ్వులపాలు కావడం దేనికని మానేశాను. మనిషిని పోలీసులు ఎక్కడికి తీసుకెళ్లారో ఇంటివాళ్లకు తెలియనప్పుడు వాడాల్సిన గడువు అది. కాలువకి వాడేస్తే రేపు నిజంగా అవసరమైనవాళ్ల కాగితాన్ని కూడా తేలిగ్గా చూస్తారు.

ముప్పై రోజులు దాటాయి. ఉలుకూ పలుకూ లేదు. ఆఫీసులో సమాచార అధికారి పేరు రాసిన బోర్డు ఉంది కానీ ఆ పేరు గలాయన బదిలీ అయిపోయి చాలా కాలమైందట. 38వ రోజు, జూన్ 1న, కవరు వచ్చింది. ఎస్టిమేట్ 14 పేజీలు, పేజీకి 2 రూపాయల చొప్పున 28 రూపాయలు కట్టి తీసుకెళ్లండి. మిగతావి ఇవ్వలేం. కాంట్రాక్టర్ తృతీయ పక్షం (అంటే అడిగిన నేనూ, ఆఫీసూ కాని మూడో మనిషి), ఆయనకు నోటీసు ఇచ్చాం, ఆయన ఒప్పుకోలేదు, కనుక సెక్షన్ 8(1)(డి), 8(1)(జె) కింద తిరస్కరిస్తున్నాం.

మొదట గుండె జారిపోయింది. సెక్షన్ నంబర్లకు ఆ మహిమ ఉంటుంది. నంబరు కనబడగానే మనదే తప్పేమో అనిపిస్తుంది. ఆ రాత్రి షాపు మూసేశాక చట్టం తెలుగు కాపీ ప్రింటు తీసుకుని కూర్చున్నాను. మొత్తం 31 సెక్షన్లే, పెద్దదేం కాదు.

నా అనుమానం మొదట గడువు మీద. 30 దాటింది కదా, ఇక అన్నీ ఉచితంగా ఇవ్వాలి కదా అనుకున్నాను. సెక్షన్ 7(6) అలాగే చెబుతుంది. కానీ తృతీయ పక్షం వ్యవహారం ఉంటే సెక్షన్ 11 కింద 40 రోజుల దాకా టైముంది. సరే, అది వాళ్లకే పోయింది. అయితే అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. తృతీయ పక్షానికి నోటీసు దరఖాస్తు అందిన 5 రోజుల్లో ఇవ్వాలి, వాళ్లు 10 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవాలి. వీళ్లు నోటీసు ఎప్పుడు ఇచ్చారో ఉత్తరంలో లేదు.

దానికన్నా ముఖ్యమైనది మొదటి వాక్యంలోనే ఉంది. తృతీయ పక్షానికి సంబంధించినదో, వాళ్లు ఆఫీసుకు ఇచ్చినదో అయి ఉండి, దాన్ని వాళ్లు గోప్యమైనదిగా భావించి ఉంటేనే ఈ సెక్షన్. ఎం-బుక్ కాంట్రాక్టర్ ఇచ్చినదీ కాదు, ఆయన గోప్యంగా దాచుకున్నదీ కాదు. ఆఫీసు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, టేపు పట్టుకుని కొలిచి, తన చేత్తో రాసిన పుస్తకం. దాన్ని ఇవ్వాలా వద్దా అని కాంట్రాక్టర్‌ని అడగడమేంటి? పోనీ ఆయన్ని అడగాల్సిన కాగితమే అయినా, ఆయన కాదంటే అయిపోదు. ఆయన మాట వినాలి, దృష్టిలో పెట్టుకోవాలి, అంతే. నిర్ణయం అధికారిది.

(డి) క్లాజు వ్యాపార రహస్యాల గురించి. బయటపెడితే పోటీలో దెబ్బతింటారనుకున్నవి. టెండరు అయిపోయి, పని అయిపోయి, బిల్లు కూడా తీసుకున్నాక మురుగుకాలువలో రహస్యమేముంటుంది, మురుగు తప్ప? (జె) క్లాజు వ్యక్తిగత సమాచారం గురించి. నేను అడిగినప్పుడు అందులో ఒక మంచి మాట ఉండేది: పార్లమెంటుకో శాసనసభకో ఇవ్వననలేని సమాచారాన్ని మామూలు మనిషికీ ఇవ్వననకూడదని. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంతో ఆ క్లాజును కుదించేశారు, ఆ మాట పోయింది. ఇప్పుడు అడిగేవాళ్లు సెక్షన్ 8(2) పట్టుకోవడం మేలు. మినహాయింపు ఉన్నా సరే, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చని చెప్పే సెక్షన్ అది, ఇంకా అలాగే ఉంది.

ఇంకో లోపం కూడా దొరికింది. తిరస్కరించినప్పుడు కారణం, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవాలి, ఎవరికి చేసుకోవాలి, ఈ మూడూ ఉత్తరంలోనే రాయాలి. నా ఉత్తరంలో చివరి రెండూ లేవు.

జూన్ 12న మొదటి అప్పీలు వేశాను. జవాబు అందిన 30 రోజుల్లో వేయాలి, అదే ఆఫీసులో పై అధికారికి. ఒకటిన్నర పేజీ రాశాను. కోపం మొత్తం తీసేసి, ఎం-బుక్ ఎవరు రాసింది, నోటీసు ఏ తేదీన ఇచ్చింది, సెక్షన్ 19(5) ప్రకారం ఇవ్వకపోవడం సబబేనని నిరూపించుకోవాల్సింది అధికారే తప్ప నేను కాదు, ఈ మూడే ఉంచాను. ఒకవేళ అందులో నిజంగా దాచాల్సింది ఏమైనా ఉంటే అంతవరకు కొట్టేసి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 కూడా చేర్చాను.

విచారణకి ఫోన్ చేసి పిలిచారు. టెన్షన్‌తో పొద్దున్నే టిఫిన్ కూడా దిగలేదు. తీరా వెళ్తే కోర్టులా ఏం లేదు, ఒక గది, ఫ్యాను, మూడు కుర్చీలు. పై అధికారి ఉత్తరం చదివి సమాచార అధికారిని అడిగారు.

"ఎం-బుక్ ఎవరు రాశారు?"

"మన ఏఈ గారే సార్."

"మరి కాంట్రాక్టర్‌ది ఎలా అయింది?"

ఆయన నీళ్లు నమిలారు. అంతకంటే పెద్ద వాదన ఏదీ జరగలేదు. నేను రాసుకెళ్లిన పేజీన్నర చేతిలోనే ఉండిపోయింది. జూలై 10న ఆర్డరు వచ్చింది. ఫైలు చూపించండి, అడిగిన కాపీలు ఇవ్వండి, కాంట్రాక్టర్ పాన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు మాత్రం కొట్టేయండి. కాపీల ఖర్చు కట్టమన్నారు. దాని మీద కూడా పోట్లాడొచ్చేమో, నేను పోట్లాడలేదు. పేజీ రెండు రూపాయలు. నా షాపు రేటు కూడా అంతే.

జూలై 20న ఫైలు ముందు కూర్చున్నాను. మొదటి గంటకు ఫీజు లేదు. ఫోన్‌తో ఫొటోలు వద్దన్నారు, నోట్‌బుక్ తీశాను. ముందుగా చూసింది కాంట్రాక్టర్‌కి ఇచ్చిన నోటీసు. తేదీ మే 20. అయిదు రోజుల్లో ఇవ్వాల్సింది ఇరవై ఆరో రోజున ఇచ్చారు.

తర్వాత ఎం-బుక్. నేను ఏదో కంప్యూటర్ ప్రింటు ఊహించుకున్నాను. గట్టి అట్ట, పేజీ పేజీకీ అచ్చు నంబరు, లోపల నీలం సిరాతో చేతిరాత. పని పేరు, తేదీ, కింద గళ్లలో ఎన్ని, పొడవు, వెడల్పు, లోతు. ఏఈ చేతిరాత ముద్దుగా ఉంది, అబద్ధమెందుకు. కాలువ పొడవు 150 మీటర్లు, సరే. వాలు ఎల్.ఎస్. షీటులో కల్వర్టు వైపుకి మొత్తం 45 సెంటీమీటర్లు దిగాలి, కాగితం మీద చక్కగా దిగింది. కిందికొచ్చాక ఒక లైను దగ్గర నా వేలు ఆగింది. ఆర్‌సీసీ కవర్ స్లాబులు, అంటే కాలువ మీద వేసే మూతలు: 62 × 0.90 × 0.60 × 0.10. కింద ఏఈ పై ఇంజనీరు డీఈ ఆ కొలతలు మళ్లీ సరిచూసినట్టు సంతకం. మా వీధిలో అరవై రెండు స్లాబులా?

ఈ చట్టం వెనక కథ కూడా ఇలాంటి లైన్ల దగ్గరే మొదలైంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1994 నుంచి ఊళ్లలో జన సున్వాయిలు, అంటే బహిరంగ విచారణలు, పెట్టి మస్టర్ రోళ్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు అందరి ముందూ చదివించారు. పని చేయని వాళ్లకు కూలీ రాసినవి, కట్టనివి కట్టినట్టు చూపించినవి ఊరివాళ్లే పట్టుకున్నారు. 1996లో బ్యావర్‌లో ఆ కాగితాల కాపీలు మాక్కావాలని 40 రోజులు ధర్నా చేశారు. కూలీవాళ్లు అడిగిన ఆ కాపీల వల్లే ఇవాళ నేను పది రూపాయలిచ్చి కుర్చీలో కూర్చుని చూడగలిగాను.

అగ్రిమెంటు చివర్లో ఇంకొకటి కనబడింది. డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్, పని పూర్తయిన నాటి నుంచి రెండేళ్లు. ఈలోగా లోపం బయటపడితే కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో బాగు చేయాలి. పని పూర్తయిన సర్టిఫికెట్ చూశాను: 2021 సెప్టెంబర్ 30. నా మార్చి నెల 'ఎందుకు'లూ, ఆ 38 రోజులూ, అప్పీలూ అన్నీ ఆ రెండేళ్లలోంచే తరిగాయి. చేతిలో రెండు నెలలు, ఇంకో పదిరోజులు మిగిలాయి. ఆఫీసులో ఎవరికైనా ఈ తేదీ గుర్తుందో లేదో, కాంట్రాక్టర్‌కి మాత్రం గుర్తుండే ఉంటుంది.

జూలై 24న 23 పేజీలు, 46 రూపాయలు. క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు రికార్డులో అందుబాటులో లేదని రాసిచ్చారు. అది లేదని చెప్పిన కాగితం కూడా ఒక కాగితమే అన్నారు బాబాయ్, దాచుకోమని.

మరుసటి రోజు సాయంత్రం పక్కింటి ఏడో తరగతి పిల్లాడిని వెంటబెట్టుకుని సుద్దముక్కతో బయల్దేరాను. ఒక్కో స్లాబు మీద వాడు అంకె వేస్తుంటే నేను వెనక నడిచాను. "ఆంటీ, ఇది విరిగింది, లెక్కలోకి వస్తుందా?" వస్తుంది నాన్నా, వెయ్యి. కల్వర్టు దగ్గరకొచ్చేసరికి వాడి అంకె 41. మళ్లీ వెనక్కి లెక్కపెడుతూ వచ్చాం. 41. బాబాయ్ మేస్త్రీలు వాడే నీళ్ల పైపు తెచ్చి మట్టం చూశారు. మా ఇంటి ముందు ముప్పై మీటర్ల మేర కాలువ అడుగు దిగాల్సింది పోయి ఎత్తుకెక్కింది.

జూలై 26న అగ్రిమెంటు కాపీ, సర్టిఫికెట్ కాపీ, ఎల్.ఎస్. షీటు జతచేసి అర్జీ ఇచ్చాను. ఇంకా 66 రోజులుంది, కాంట్రాక్టర్‌తో బాగు చేయించండి అని. ఇంతకుముందు అర్జీల్లో నా బాధ రాశాను. ఇందులో బాధ లేదు, షరతు నంబరూ తేదీ ఉన్నాయి. మూడో వారంలో డీఈ స్వయంగా వచ్చి పైపు పెట్టి చూశారు. సెప్టెంబర్ మొదట్లో కాంట్రాక్టర్ మనుషులు వచ్చి ఆ ముప్పై మీటర్లు పగలగొట్టి మళ్లీ పోశారు. ఒకతను నా వైపు చూసి ఏదో గొణిగాడు, వినబడనట్టే ఉన్నాను. ఆ నెలాఖరు వానకి నీళ్లు కల్వర్టులోకి వెళ్లాయి.

స్లాబుల సంగతి విడిగా రాశాను. 62కి బిల్లు ఇచ్చారు, 41 ఉన్నాయి, తేడా సొమ్ము రికవరీ గురించిన నోట్ ఫైల్ కాపీ కావాలని ఇంకో దరఖాస్తు. మొదటి అప్పీలులోనూ పని జరగకపోతే, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు వెళ్లొచ్చు. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కూడా కమిషన్‌దే, మొదటి అప్పీలు అధికారికి లేదు. వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే, ఒక తెల్లవారుజామున, ట్రాక్టరు చప్పుడైంది. తలుపు తీసి చూసేసరికి కొత్త స్లాబులు దింపి వెళ్లిపోతున్నారు. ఎవరు పంపారో, ఏ ఆర్డరు మీదో ఎవరూ ఏమీ చెప్పలేదు, కాగితం కూడా ఏదీ రాలేదు.

పిల్లాడు బడికి వెళ్లేముందు సుద్దముక్కతో పరిగెత్తుకొచ్చాడు. 42 నుంచి మొదలెట్టి 50 దగ్గర ఆగాడు.

"ఇంకా పన్నెండు రావాలి ఆంటీ," అన్నాడు.